బాడీ, భౌతికకాయం

మా ప్రెసిడెంటు గారు పోయిన మూడో రోజున వాళ్ళింటికి పరామర్శకు వెళ్ళాను. వెళ్ళానని గొప్పగా చెప్పుకుంటున్నాను గానీ, నిజానికి నన్ను పంపించారు. మా అపార్ట్‌మెంట్ల సంఘం కమిటీలో తొమ్మిదిమందిమి ఉంటే ఆడదాన్ని నేనొక్కదాన్నే. బతుకమ్మకు పూల ఏర్పాట్లు, మహిళా దినోత్సవానికి కేకు, చావింటికి పలకరింపు, ఇవీ నాకిచ్చిన శాఖలు. పైగా ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో యూజర్ మాన్యువల్స్ రాసే ఉద్యోగం నాది, కాబట్టి నాకు మాటలు బాగా వచ్చని మావాళ్ళ నమ్మకం. ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో రాసేదానికి, భర్త పోయినావిడతో ఏం మాట్లాడాలో ఎలా తెలుస్తుందని ఒక్కరికీ తోచలేదు.

ప్రెసిడెంటు గారంటే ఆషామాషీ మనిషి కాదు. హైటెక్ సిటీలో ఒక పెద్ద కంపెనీకి దేశం మొత్తానికీ పెద్ద. వేదికల మీద మంత్రుల పక్క కుర్చీలో కూర్చునేవారు. కొత్తగూడ చౌరస్తాకి దగ్గర్లో ఉన్న మా ఐదు టవర్లకీ ఆరేళ్ళుగా ఆయనే ప్రెసిడెంటు. మొదటిసారి ఎన్నిక జరిగింది, ఆ తర్వాత ఆయన మీద నిలబడే ధైర్యం ఎవరికీ లేకపోయింది. చెత్తబుట్టల గురించి మాట్లాడాలన్నా తెర మీద స్లైడ్లు వేసేవారు. కుక్కల గురించి ఒకసారి ముప్ఫై ఎనిమిది స్లైడ్లు వేశారు. మేం ముప్ఫై ఎనిమిదింటికీ తలలూపాం.

నేను వెళ్ళేసరికి తలుపు బయట చెప్పులూ బూట్లూ లిఫ్టుదాకా ఉన్నాయి. హాల్లో ఇరవైమంది దాకా మగవాళ్ళు, మెడల్లో ఆఫీసు ట్యాగులతో సహా, సోఫాల్లో ముందుకు వంగి కూర్చున్నారు. ఆయన భార్య ఒక మూల దీవాను అంచున కూర్చుని ఉంది. అరవై ఏళ్ళుంటాయి, సన్నటి మనిషి. వచ్చినవాడల్లా ఒకే ప్రశ్న. "ఎలా జరిగింది మేడమ్?" ఆవిడ చెప్పేది: పొద్దున నడకకు వెళ్ళొచ్చి, ఆఫీసుకు తయారై, షూస్ లేసులు కట్టుకుంటూ పక్కకు ఒరిగారని. మరో ఇద్దరు వచ్చేవారు. ఆవిడ మళ్ళీ లేసుల దగ్గర్నుంచి మొదలుపెట్టేది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అడిగేవాళ్ళకి ఆయన మీద దిగులు కాదు, వాళ్ళ గుండెల మీద దిగులు. "షుగరుందా? కొలెస్ట్రాల్ ఎంత? ట్రెడ్‌మిల్ టెస్టు ఎప్పుడు చేయించారు?" ఉందంటే వాళ్ళ మొహాలు విప్పారేవి, లేదంటే వాడిపోయేవి. ఒకాయన ఆవిడ మాట్లాడుతుండగానే చేతి గడియారంలో తన గుండె లెక్క చూసుకున్నాడు. అది బాగానే ఉన్నట్టుంది, "మీరు స్ట్రాంగ్‌గా ఉండాలి మేడమ్" అని లేచాడు. ఇంకొకాయన, సార్ చివరిసారి నాతోనే మాట్లాడారన్నాడు. ఆ హాల్లో సార్ చివరిసారి మాట్లాడినవాళ్ళు నలుగురు తేలారు. నలుగురితోనూ ఆయన చివరగా అన్న మాట, "నువ్వు చాలా పైకొస్తావు" అనేనట.

చావింటి నుంచి వచ్చేటప్పుడు వెళ్ళొస్తానని చెప్పకూడదు, ఊరికే లేచి రావాలి. ఇది కూడా తెలియని పెద్దమనుషులు గుమ్మం దగ్గర చేతులూపి, "వస్తాం మేడమ్, బై, టేక్ కేర్" అంటూ పోతున్నారు. లోపలి గదిలోంచి ఒక ముసలి గొంతు మాత్రం మధ్యమధ్యలో, "ఎవరొచ్చినారు మే?" అని అడుగుతోంది. అది ఆవిడ తల్లి. ఎనభై ఆరేళ్ళు. అనంతపురం వైపు మనిషి, రెండేళ్ళుగా మంచం మీదే ఉంది. అల్లుడు పోయాడని చెప్పారు, అర్థమైందో లేదో తెలియదు.

మధ్యాహ్నం భోజనాల వేళకు హాలు ఖాళీ అయింది. నేను దగ్గరకు జరిగి, లిఫ్టులో తయారుచేసుకున్న వాక్యం మొదలుపెట్టబోయాను. ఆవిడ నా మొహంలోకి చూసి అడిగింది.

"మన రూల్స్‌లో ఇరవై మూడోది రాసింది మీరే కదా?"

నేనేనని తలూపాను. ఆ రూలు సంగతి చెప్పాలి.

కిందటేడు వానాకాలంలో సీ టవర్లో కిరాయికి ఉండే ఒకతని తల్లి దవాఖానలో చనిపోయింది. వరంగల్ వైపు కుర్రాడు, ఇక్కడే ఏదో ఆఫీసులో కోడింగ్ చేసేవాడు. అంబులెన్సులో తల్లిని తీసుకొచ్చాడు. గేటు దగ్గర ఆపేశారు. ప్రెసిడెంటు గారే స్వయంగా కిందికి దిగారు. "మీ బాధ మాకు అర్థమవుతుంది. కానీ పిల్లలు తిరిగే చోటు, బాడీని లోపలికి తేవడం కుదరదు" అన్నారు. "జర పది నిమిషాలు సార్. ఇంట్ల దీపం పెట్టుకొని, నా పిల్లలు ముఖం చూస్కుంటే తీస్కపోత" అని అతను బతిమాలాడు. కుదరలేదు. అతని భార్యా పిల్లలూ రోడ్డు మీదికొచ్చి, అంబులెన్సు వెనక తలుపులోంచి ఆమెను చూసుకున్నారు. పక్కనుంచి ఆఫీసు బస్సులు హారన్లు కొడుతూ పోయాయి. మేం కమిటీవాళ్ళం గొడుగులు వేసుకుని ప్రెసిడెంటు గారి వెనక నిలబడ్డాం.

ఆ సాయంత్రమే దాన్ని రూలు చేయాలన్నారు. సర్క్యులర్లు ఇంగ్లిష్‌లో ఉంటాయి, కానీ సెక్యూరిటీవాళ్ళ కోసం గేటు దగ్గర తెలుగులో అంటించాలి. ఆ తెలుగు నాది. "చనిపోయినవారి బాడీలను ప్రాంగణంలోకి అనుమతించబడదు. నేరుగా శ్మశానానికి తరలించుకోవలెను." ఒక గంటలో రాసిచ్చాను. "క్రిస్ప్‌గా ఉంది" అని ప్రెసిడెంటు గారు గ్రూపులో మెచ్చుకున్నారు. ఇప్పుడు సిగ్గుపడుతున్నాను గానీ, ఆ రోజు ఆ మెచ్చుకోలు మా ఆయనకు చూపించి మరీ మురిసిపోయాను. "అనుమతించబడదు" అన్న చోట వ్యాకరణం తప్పని కూడా నాకు తట్టలేదు. చేసిన పని ఎలాగూ తప్పే, కనీసం వాక్యమైనా తిన్నగా రాసి ఉండాల్సింది.

ఇక మొన్న దవాఖాన నుంచి ప్రెసిడెంటు గారు అంబులెన్సులో వచ్చారు. గేటు దగ్గర ఆ పూట ఉన్న సెక్యూరిటీ ఆయన నాగర్‌కర్నూల్ వైపు పెద్దమనిషి, చెప్పింది చెప్పినట్టు చేసే రకం. బారికేడు దించేశాడు.

"బాడీలు లోపలికి రావద్దు సార్. రూలుంది" అన్నాడు.

వైస్ ప్రెసిడెంటు పరిగెత్తుకొచ్చాడు. ఆయన అరిచిన అరుపు నేను నాలుగో అంతస్తులోంచి విన్నాను.

"బాడీ ఏంటయ్యా! సార్ అది! సార్ వచ్చారు!"

"సారే. గానీ బాడీ గద సార్" అన్నాడు సెక్యూరిటీ ఆయన. గోడకు అంటించిన కాగితం మీద నా వాక్యాన్ని వేలితో చూపించాడు. ఆరేళ్ళలో మా కమిటీ ఎదుట నిజం చెప్పిన మనిషి ఆయనొక్కడే. మర్నాడే ఆయన్ని వేరే సైటుకి మార్చేశారు.

అక్కడే, అంబులెన్సు పక్కనే, కమిటీ సమావేశమైంది. రూలు తీసేద్దామని ఎవరికీ తోచలేదు. రూలులో "బాడీ" అని ఉంది, సార్‌ది "భౌతికకాయం", కాబట్టి రూలు వర్తించదని తేల్చారు. నవ్వులాటకు చెప్పడం లేదు, నిజంగా ఈ మాటలే అన్నారు. నాకు ఫోన్ చేసి గ్రూపులో పెట్టడానికి నాలుగు ముక్కలు రాయమన్నారు. "ప్రెసిడెంటు గారి భౌతికకాయాన్ని నివాసుల సందర్శనార్థం ‘ఏ’ టవర్ లాబీలో ఉంచుతున్నాం" అని రాశాను. ఈసారి వ్యాకరణం సరిగ్గానే ఉంది. దాని కింద రెండువందల మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. అద్దాల ఫ్రీజరు పెట్టె లాబీలో పూలకుండీల మధ్య ఉంచారు. పిల్లలు తిరిగే చోటు అన్న మాట ఎవరికీ గుర్తు రాలేదు.

ఇదంతా జరుగుతున్నంతసేపూ ఆవిడ ఆ అంబులెన్సులోనే, ఆయన తల పక్కనే కూర్చుని ఉంది. ఆ సంగతి నాకు ఇప్పుడే, ఈ దీవాను మీద కూర్చున్నాకే తెలిసింది.

"పావుగంట ఆపారు" అంది ఆవిడ. "లోపల కూర్చుని అంతా విన్నాను. నాకు కోపం రాలేదు. కిందటేడు ఆ అబ్బాయి తల్లిని ఆపినప్పుడు నేను బాల్కనీలోంచి చూశాను. పైకి వచ్చాక ఈయనకు కాఫీ కూడా కలిపిచ్చాను."

ఆవిడ నా వైపు తిరిగింది.

"మీరు భాష తెలిసినవాళ్ళు, చెప్పండి. రేపు మా అమ్మ పోతే ఏమవుతుంది? బాడీనా, భౌతికకాయమా?"

లోపల్నుంచి ఆ ముసలావిడ మళ్ళీ పిలిచింది. కూతురు లేచి వెళ్ళింది, నేనూ వెనకే గుమ్మం దాకా వెళ్ళాను. ముసలావిడ కూతురి చెయ్యి పట్టుకుంది. "ఆయన్ని లోపలికి తెచ్చినారా మే? నన్ను రోడ్డున పెట్టద్దు మే" అంది. అర్థం కాలేదనుకున్నాం గానీ, ఆవిడకు అన్నీ అర్థమయ్యాయి.

"ఆ రూలు తీయించండి. ఇప్పుడైతే నా మాట వింటారు. ఇంకో నెల పోతే నేనెవరో కూడా మర్చిపోతారు" అంది కూతురు నాతో.

"తప్పకుండా తీయిస్తానక్కా" అన్నాను. అప్పటిదాకా మేడమ్ అనేదాన్ని. అబద్ధం చెప్పలేదు, నిజంగానే తీయిస్తాననుకున్నాను. వెళ్ళొస్తానని చెప్పకుండా లేచి వచ్చేశాను.

పదమూడో రోజు తర్వాత వచ్చిన ఆదివారం క్లబ్‌హౌస్‌లో సంతాప సభ పెట్టారు. వేదిక మీద ఆయన ఫోటో, వెనకాల తెర మీద స్లైడ్లు. ఇంచార్జి ప్రెసిడెంటు అయిన వైస్ ప్రెసిడెంటుకి ఒక్కసారిగా ఏ సభలో ఉన్నాడో మరుపొచ్చింది. ఆవిడను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పి, బొకే ఇచ్చి, ఫోటోగ్రాఫరు వైపు తిరిగాడు. జనం అలవాటుగా చప్పట్లు కొట్టారు. సగంలో ఎవరికో సంగతి గుర్తొచ్చి ఆపేశారు, తక్కినవాళ్ళు ఒక్కొక్కరే ఆపారు. ఆవిడ ఆ శాలువా భుజాల మీద అలాగే ఉంచుకుని కుర్చీలో కూర్చుంది.

మొదటి తీర్మానం, ఆ హాలుకి సార్ పేరు పెట్టడం. చేతులన్నీ లేచాయి. రెండోది ఇరవై మూడో రూలు రద్దు. దాన్ని అజెండాలో చేర్చింది నేనే. ఇంచార్జి చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది సార్ తెచ్చిన సంస్కరణ అండి. సార్ పోయి మూడు వారాలు కాలేదు. ఇప్పుడే సార్ రూలు కొట్టేస్తే ఆయన ఆత్మ శాంతిస్తుందా? సార్ గుర్తుగా దీన్నిలాగే ఉంచుదామండి."

చాలామంది నిజంగానే కళ్ళు తుడుచుకున్నారు. ఆవిడ కుర్చీలోంచి లేచింది.

"ఆయన ఆత్మ సంగతి నేను చూసుకుంటాను. మా అమ్మ సంగతి చెప్పండి."

"అయ్యో మేడమ్! అంత మాటెందుకండీ, అమ్మగారు నూరేళ్ళుంటారు. మీది స్పెషల్ కేసు. మేమంతా లేమా? అప్పుడు చూసుకుందాం."

ఆ "అప్పుడు" ఎలా ఉంటుందో ఆవిడ అప్పటికే పావుగంటసేపు చూసి వచ్చింది. "సీ టవర్ అబ్బాయిది ఎందుకు స్పెషల్ కాలేదు?" అని అడిగింది. దానికి ఇంచార్జి, టైమ్ అయిపోతోందని, రద్దు కావాలన్నవాళ్ళు చేతులెత్తమన్నాడు.

ఆవిడ చెయ్యెత్తింది. అది లెక్కలోకి రాదన్నారు. ఫ్లాటు ఇంకా సార్ పేరు మీదే ఉందట, పేరు మారేదాకా ఓటు లేదట. వెనక వరసలో సీ టవర్ అబ్బాయి చెయ్యి కూడా లేచింది. కిరాయివాళ్ళకి ఓటు మొదట్నుంచీ లేదు. ఇక మిగిలింది నేను.

నేనూ ఎత్తాను. మోచెయ్యి మాత్రం కుర్చీ చేతిని వదల్లేదు. పక్కన ఇంచార్జి భార్య కూర్చుంది. వచ్చే నెలలో కమిటీ ఎన్నిక. మా ఆయన కారుకి రెండో పార్కింగ్ ఇప్పిస్తామన్న మాట నడుస్తోంది. అన్నీ ఆ ఒక్క క్షణంలోనే గుర్తొచ్చాయి. ఇంచార్జి నా వైపు చూసి, "మేడమ్ ఏదో అడగాలనుకుంటున్నారా?" అన్నాడు.

"ఏం లేదు సార్" అన్నాను.

ఆవిడ నన్ను చూసింది. కోపంగా ఏమీ చూడలేదు, తెలిసిన సంగతే ఇంకోసారి విన్నట్టు చూసింది. సభ మినిట్స్ రాసేది నేనే కాబట్టి, "ఇరవై మూడో రూలు కొనసాగింపు, ఏకగ్రీవం" అని రాసింది కూడా నేనే. ఆ పూట అందరినీ అసహ్యించుకుంటూ ఇంటికి వచ్చాను. ఆ అందరిలో మొదట ఉండాల్సిన నన్ను చివర్న లెక్కపెట్టుకున్నాను.

మరో నెల గడిచాక ఒక శనివారం పొద్దున ఆవిడ ఫోన్ చేసింది. ఇల్లు చూడ్డానికి వెళ్తున్నాను, తోడు వస్తారా అంది. ఎందుకని అడగలేకపోయాను. పద్నాలుగో అంతస్తులో నాలుగు పడగ్గదుల సొంత ఫ్లాటున్న మనిషి, కింద వాకిలి ఉన్న కిరాయి ఇల్లు వెతుక్కుంటోంది. కొండాపూర్‌లో రెండిళ్ళు చూశాం. ఆవిడ నీళ్ళు వస్తాయా, గాలి వస్తుందా అని అడగలేదు. గుమ్మంలో నిలబడగానే తల్లి సంగతి చెప్పి, పోతే లోపలికి తేనిస్తారా అని అడిగింది. మొదటివాళ్ళు ఫోన్ చేసి చెప్తామన్నారు. రెండోవాళ్ళు శుభమా అని ఇల్లు ఇస్తుంటే ఇవేం మాటలని తలుపేసుకున్నారు.

మూడోది మియాపూర్‌లో, బస్సు డిపో వెనక గల్లీలో. రెండు గదుల ఇల్లు, ముందు చిన్న వాకిలి, అరుగు. ఇంటావిడ పైభాగంలో ఉంటుంది. డెబ్భై దగ్గర పడ్డ మనిషి, చీర కుచ్చిళ్ళు దోపుకుని అరుగు కడుగుతోంది. ప్రెసిడెంటు గారి భార్య మొదలుపెట్టింది. "మా అమ్మకి ఎనభై ఆరు. మంచం మీదే ఉంది. రేపు ఏమన్నా అయితే…" అని అక్కడ ఆగిపోయింది.

నేను అందుకోబోయాను. "అంటే, వారి… వారి…" అన్నాను. ఏ మాట వాడాలో తెలియక నేనూ ఆగిపోయాను.

ఇంటావిడ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, చీపురు పక్కన పెట్టింది.

"గిది గూడ అడుగుతరా బిడ్డా? నా అత్తను గీ అరుగు మీదనే పండవెట్టినం. నా పెనిమిటిని గూడ గీడనే. మనిషి పోతే ఇంటికి రాక ఇంకేడికి పోతది? తీస్కరా మీ అమ్మను, ఏం ఫికర్ జెయ్యకు."

ఆవిడ ఆ తడి అరుగు మీదే కూర్చుండిపోయింది. లాబీలో ఏడవలేదు, సభలో ఏడవలేదు. ఇప్పుడు చీర కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు ఎగిరెగిరి పడేలా ఏడ్చింది. ఇంటావిడ ఆమె నుదుటి వైపూ చేతుల వైపూ ఒకసారి చూసింది. ఎలా పోయారని అడగలేదు. షుగరుందా అని అడగలేదు. ఆ పోయినాయన ఎంత గొప్పవాడో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. పక్కన కూర్చుని, "అయ్యో బిడ్డా" అని వీపు మీద చెయ్యేసింది. యాభై రోజులుగా నేను చూసిన పరామర్శ అదొక్కటే.

నేను నా సంచీ పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాను. కాసేపటికి ఇంటావిడ తలెత్తి నన్ను చూసి, ఆవిడను అడిగింది.

"గీమె నీకేమైతది? చెల్లెనా?"

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"కాదమ్మా. మా అపార్ట్‌మెంట్లో రూల్స్ రాస్తారు."